ఏడిస్తే హాజరు

పెద్ద మాస్టారూ,

మీరు పోయి ఈరోజుకి ఏడాది. అరకు చివర పశువుల పాకలో మీరు మొదలుపెట్టిన మన బడికి ఇవాళే ఆఫీసరు వస్తున్నారు. పిల్లలు చాలరని తేలితే బడిని గెడ్డ అవతలి బడిలో కలిపేస్తారు. వానాకాలంలో ఆ గెడ్డ నీళ్లు రెండో తరగతి చదివే మా తమ్ముడి మెడదాకా వస్తాయి.

బడి తొలి రోజుల చరిత్ర రాసి ఆఫీసరు ముందు చదవమని టీచర్ నాకు చెప్పారు. అవ్వను అడిగాను.

"ఏటి సరిత్ర గుంటా! పిల్లలు సాలకపోతే మాస్టరు నా పేరూ రాసీసినారు. నానప్పుడు మాయమ్మ వీపు మీదున్నాను. ఏడిస్తే హాజరు, తొంగుంటే లేదు" అని నవ్వింది.

చరిత్ర అన్న మాట నాకెంతో ఇష్టం. కానీ ఇది చదివితే మిమ్మల్ని మోసగాడంటారేమోనని, దాచితే మీ బడి కథే చెప్పనట్టవుతుందని భయం. చివరికి ఉన్నదే రాశాను.

ఇప్పుడు వెనక వరసలో అవ్వ కూర్చుంది. మా పిన్ని కూతురు, నెలల చెల్లిని తన వీపున కట్టుకుంది.

"పేరు పిలిసినప్పుడు సెప్పు, గిల్లుతాను" అంటోంది.

పసిపిల్లల్ని ఇప్పుడు లెక్కలోకి తీసుకోరని ఆమెకెలా చెప్పను?

జీపు చప్పుడు దగ్గరైంది. కాగితం మడత విప్పాను. చెల్లి మాత్రం ఆదమరిచి నిద్రపోతోంది, మాస్టారూ.