మావ విన్న ఫ్యాను

మంగళవారం, పడుకునే ముందు

కొత్త కంప్యూటర్‌కి వాటర్ కూలింగే పెట్టిద్దామని నెల రోజులు గోల చేశాను. ప్రాసెసర్ చల్లగా ఉంటుంది, చప్పుడూ ఉండదు. బోటు నడిపే మావ ఒప్పుకోలేదు. "నీళ్ళ పంపు ఆగిపోతే ఇంజిను కాలిపోయిందాకా తెల్దే. ఫ్యానైతే సప్పుడు ఆగితే తెలిసిపోతాది" అన్నాడు. చాదస్తం అనుకుంటూనే ఫ్యాను పెట్టించాను.

ఇవాళ మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రేపు ఇవ్వాల్సిన పెళ్ళి వీడియో ఎడిట్ చేస్తున్నాను. గుమ్మంలో చిరిగిన వల కుట్టుకుంటున్న మావ లోపలికొచ్చి భుజం తట్టాడు. "ఒసే, నీ డబ్బా సప్పుడు ఆగిపోనాది, సూడు."

నిజమే, ఫ్యాను తిరగట్లేదు. ప్రాసెసర్ వేడి తొంభై డిగ్రీలు దాటింది. రెండు గంటల పని సేవ్ కూడా చేయలేదు. గబగబా సేవ్ చేసి ఆపేశాను. ఆ చెవులకి దణ్ణం పెట్టాలి. ఈ ఉప్పుగాలిని ఆ ఫ్యాను ఎన్నాళ్ళు తట్టుకుంటుందో మరి...

విప్పి చూస్తే రెక్కలకి నీలం నైలాన్ దారం చుట్టుకుని ఉంది. మావ వలదే. చెప్తే రేపట్నుంచి ఆయన గుమ్మంలో కూర్చోడు. అందుకే చెప్పలేదు. దారాన్ని ఈ పేజీలో దాచేశాను.