పెరటి గుమ్మం దారి

లివర్‌పూల్,
2016 మే 12, గురువారం.

కోలెట్‌కు,

మంగళవారం నుంచి నువ్వు ఫోను ఎత్తడం లేదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

ఆ రాక్ బ్యాండు కుర్రాడు పెరిగిన ఇంటిని సందర్శకులకు చూపించే ఉద్యోగం నీకు ఇవ్వాలో వద్దో తేల్చే రోజున, చూడడానికి వచ్చి నేను వరుసలోంచి పక్కకు తప్పుకున్న మాట నిజం. నువ్వు వీధి తలుపు తీసి అందరినీ రమ్మన్నావు. మన పేటలో ఆ తలుపు డాక్టరుకూ, చర్చి ఫాదరుకూ, శవపేటికకూ తప్ప ఎవరూ తెరవరు. అలవాటు కొద్దీ నేను సందు తిరిగి పెరటి గుమ్మానికి నడిచాను. నీ సందర్శకులంతా నా వెనకే వస్తారని అనుకోలేదు.

"అమ్మమ్మా, నా కొంప ముంచావు! గైడువి నువ్వా, నేనా?" అన్నావు.

"నువ్వేనే. నేను పక్కింటిదాన్ని," అన్నాను.

అందరూ నవ్వారు. నీ కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను.

కానీ తరవాత వంటింట్లో నువ్వు ఆ కుర్రాడి తల్లి గురించి చెబుతుంటే, నవ్వినవాళ్లే చెవులప్పగించి విన్నారు. ఆవిడ పక్కనే ఏళ్ల తరబడి బతికిన నేను కూడా అంత బాగా చెప్పలేను.

ఇక జరగవలసినవి:

1. సోమవారం ఆ ఉద్యోగం ఇచ్చే అధికారిణి దగ్గరికి వెళ్లి ఇంకొక్క అవకాశం అడుగు. తప్పు నాదని చెప్పు.

2. ఇకమీద ఇల్లు చూపించడం పెరటివైపు నుంచే మొదలుపెడతానని చెప్పు. అది నీ ఆలోచనే అను, నేను కాదనను.

3. ఆ సాయంత్రం భోజనానికి రా. మాంసం కూరా, ఊరవేసిన బీట్‌రూటూ ఉంచుతాను. వాళ్లు ఏమన్నా సరే, రా.