సంతకం పెట్టని మూడో ప్రూఫు

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమమని ముందుగా రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఒంటి వరకు అది నిజమే. నా కోపం సంగతి వేరు. నాలుగు రోజులుగా నీ మీద ఒళ్లు మండిపోతోంది. ఫోన్ చేసి తిట్టొచ్చు, కానీ ఫోన్‌లో నువ్వు ఎదుటివాళ్లని మాట్లాడనివ్వవు, రెండో నిమిషానికే పాఠం మొదలుపెడతావు. ఉత్తరానికైతే అడ్డం రాలేవు. కూర్చుని చివరిదాకా చదువు.

నువ్వడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను. అమ్మ మోకాలు కాస్త నయం. మెట్లు మాత్రం ఇంకా గోడ పట్టుకునే దిగుతోంది. మీ బావ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడాయనకి ఇంట్లో ఉన్న దుమ్మంతా కనబడుతోంది, రోజుకో మూల నన్ను పిలిచి చూపిస్తున్నారు. ప్రెస్సులో కొత్త మేనేజరు వచ్చాడు. తప్పులు కంప్యూటరే పట్టుకుంటుంది, ప్రూఫ్‌రీడర్లు దేనికన్నాడు. కంప్యూటరు పాస్ చేసిన క్యాలెండరులో ఒక నెలకి ముప్పై రెండు రోజులొచ్చాక మళ్లీ మా బల్ల దగ్గరికే వచ్చాడు.

ఇక నాన్న మీద నువ్వు రాసిన పుస్తకం. "నచ్చిందా అక్కా? చివరి అధ్యాయం దగ్గర ఏడ్చావా?" అని అడిగావు. వెనక పేజీల్లో వేయడానికి నాన్న గురించి నన్ను కూడా రెండు మాటలు రాసిమ్మన్నావు. నేను ఏడవలేదురా. నా బదులు అమ్మ ఏడ్చింది. అది నువ్వు కోరుకున్న ఏడుపు కాదు.

మా పని పద్ధతి నీకు తెలియదు, అది చెప్తే గానీ జరిగింది అర్థం కాదు. ప్రూఫు చూసేటప్పుడు మేం అర్థం చూడం. అర్థంలో పడితే కన్ను ముందుకు పరిగెత్తి, దీర్ఘాలూ ఒత్తులూ వదిలేస్తుంది. అందుకే అక్షరం వెంట అక్షరం చూసుకుంటూ పోవడం ముప్పై ఏళ్లుగా నాకు అలవాటైపోయింది. నీ పుస్తకం మొదటి ప్రూఫూ, రెండో ప్రూఫూ అలాగే చూశాను. చివరి అధ్యాయంలో నువ్వు రాసిన ఆ వాక్యం రెండుసార్లూ నా కళ్ల కిందనుంచే పోయింది. అందులో ఎగిరిపోయిన ఒక ఒత్తు కూడా నేనే పెట్టానని తర్వాత చూసుకుంటే తెలిసింది. నా అంత గుడ్డిది ఇంకెక్కడా ఉండదు.

మూడో ప్రూఫు మీద 'ముద్రించవచ్చు' అని రాసి నేను సంతకం పెడితేనే మెషిను తిరుగుతుంది. అందుకని దాన్ని ఇంటికి తెచ్చుకుని పైకి చదువుతాను. ఆదివారం మధ్యాహ్నం అమ్మ కిటికీ పక్కన కూర్చుని మీ బావ చొక్కాకి బొత్తాం కుడుతోంది. నేను చదువుతున్నాను. "కళ్లు మూసే ముందు నాన్న అక్కతో, 'నాకిప్పుడు అంతా అర్థమైంది, ఏ ప్రశ్నా మిగల్లేదు' అన్నాడు. దుఃఖం అనేది ఒక ద్వారమని ఆ క్షణాన ఆయన గ్రహించాడు." అదీ నువ్వు రాసింది.

అమ్మ సూది ఆపింది.

"ఏమిటే అది? మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. అప్పుడు గానీ నేనేం చదువుతున్నానో నా బుర్రకెక్కలేదు.

"ఆయనకి ఏం అర్థమైందట? చిట్టి ఎందుకు పోయిందో అర్థమైందటా?" అంది అమ్మ. "మరి నాకు చెప్పలేదేం? నీకు చెప్పారు, వాడికి తెలిసింది, ఊళ్లోవాళ్లకి పుస్తకమేసి చెప్తున్నారు. నాకొక్కదానికీ చెప్పకుండా వెళ్లిపోయారా?"

అప్పటికి నువ్వు రెండేళ్లవాడివి, మనిద్దరి మధ్య పుట్టిన చిట్టి నీకు గుర్తులేదు. నాకు తొమ్మిదేళ్లు. జ్వరమొచ్చిన మూడో రోజున పోయింది, దానికి అయిదు నిండలేదు. ఆ తర్వాతే నాన్న పుస్తకాలు పట్టాడు. పగలంతా షాపుల చుట్టూ తిరిగి కాటాలు రిపేరు చేసే మనిషి. ముల్లు నిక్కచ్చిగా నిలబడేదాకా ఎవరెంత బతిమాలినా కాటా తిరిగి ఇచ్చేవాడు కాదు. సాయంత్రం చేతులు కడుక్కుని, లైబ్రరీనుంచి తెచ్చిన వేదాంతమో, నవలో, తర్కమో ముందేసుకునేవాడు. ఏ పుస్తకాన్నయినా ఆయన అడిగిన ప్రశ్న ఒకటే. దానికి పుస్తకం నీళ్లు నమిలిందంటే పెన్సిలుతో పక్కన 'దాటేశాడు' అని రాసేవాడు. లైబ్రేరియన్ ఎన్నిసార్లు చీవాట్లు పెట్టినా మానలేదు. దేవుడి మీద రాసినవాడినీ వదల్లేదు, దేవుడు లేడని రాసినవాడినీ వదల్లేదు.

అలాంటి మనిషి నీ పుస్తకంలో ఎంత సాధువైపోయాడురా! నిండు నవ్వట, ప్రశాంతమైన చూపట. ఆ చివరి నెల సెలవు పెట్టి పక్కన కూర్చున్నదాన్ని నేను. నాకు కనబడని ప్రశాంతత, పరీక్షల డ్యూటీలో ఉన్న నీకెలా కనబడింది? దుఃఖం ద్వారమా? ఏ ఇంటి ద్వారం? అందులోంచి చిట్టి తిరిగొచ్చిందా? రెండొందల మంది ముందు మైకులో ఆ మాట చెప్పి చప్పట్లు కొట్టించుకున్నానని గొప్పగా రాశావు. ఆ గదిలో పిల్లని పోగొట్టుకున్న తల్లి ఒక్కతైనా ఉండి ఉంటే, ఆవిడ ఇంటికెళ్లి ఏమనుకుని ఉంటుందో ఒక్కసారైనా ఆలోచించావా? అందరికీ అర్థమైంది, నాకే బుర్ర లేదు కాబోలు అనుకుంటుంది. అమ్మ అనుకున్నదీ అదే. సాయంత్రం దాకా ఏడుస్తూనే ఉంది, అన్నం ముట్టలేదు.

ఇంత తిట్టాక ఇప్పుడు నా సంగతి. రెండేళ్లుగా నోరు కట్టేసుకున్నాను. ఈ ఉత్తరంలో కూడా మూడో కాగితం దాకా నాన్చాను.

నాన్న ఆ మాట అనలేదు. నేను కల్పించాను.

నువ్వు ఆ రోజు పరీక్ష హాలు బయట వరండాలో నిలబడి ఫోన్‌లో ఏడుస్తున్నావు. "చివర్లో ఏమన్నాడక్కా? శాంతిగా పోయాడా?" అని పదేపదే అడిగావు. ఒక్కడివే బస్సెక్కి ఎనిమిది గంటలు రావాలి. నిన్ను ఎలాగోలా ఇంటికి చేర్చాలనే తప్ప నాకింకేం తోచలేదు. ఎక్కడో చదివిన మాటల్లాంటివే నోటికొచ్చాయి, అనేశాను. నువ్వొచ్చాక నిజం చెబుదామనుకున్నాను. అమ్మ లోపల ఉండగా, నువ్వు వచ్చీ రాగానే వీధిలో నీ స్నేహితులందరికీ ఆ మాట చెప్పడం మొదలుపెట్టావు, నేనిక దాన్ని వెనక్కి తీసుకోలేకపోయాను. నువ్వు దాని మీద ఉపన్యాసాలూ, చివరికి ఒక పుస్తకమూ కడతావని కల్లో కూడా అనుకోలేదు. నీ మీద ఎంత కోపమో నా మీదా అంతే ఉంది. ఇప్పుడైనా క్షమించమనే అడుగుతున్నాను.

జరిగింది ఇది. మధ్యాహ్నం మూడింటికి ఆయనకి చదివి వినిపిస్తున్నాను. బాధ ఎందుకుందో చెప్తానని మొదలైన లావుపాటి పుస్తకం. ప్రతి దుఃఖానికీ ఈ సృష్టిలో ఒక చోటు ఉందని రాసుంది. నాన్న చెయ్యెత్తి ఆపాడు. గొంతులో జీవం లేదు గానీ, కోపం ఎప్పటిలాగే ఉంది.

"మొదటినుంచి చదువమ్మా. వీడు మధ్యలో ఎక్కడో దాటేశాడు."

పేజీలు వెనక్కి తిప్పి మొదటినుంచి చదివాను. రెండో పేజీ చివరికొచ్చేసరికి ఆయన లేడు. నాకు తెలియక మూడో పేజీ కూడా చదివాను.

ఆయన బతుక్కి ఏదైనా అర్థం దొరికిందో లేదో నాకు తెలియదు తమ్ముడూ. ఏ పుస్తకానికీ చౌకగా తలూపలేదని మాత్రం తెలుసు. అన్నేళ్లు ఎవరూ ఒప్పించలేని మనిషిని మనిద్దరం కలిసి, పోయాక ఒప్పించేశాం.

ఆదివారం సాయంత్రం ఇదంతా అమ్మకి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. సగంలో ఆపిన బొత్తాం కుట్టడం పూర్తిచేసి, దారం కొరికింది. తర్వాత, "అమ్మయ్య, అయితే ఆయనకీ దొరకలేదన్నమాట," అంది. లేచి, మా ఇద్దరికీ కంచాలు పెట్టమంది.

మూడో ప్రూఫు నా సొరుగులోనే ఉంది. ఆ వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేశాను. కింద ద్వారం గురించిన పేరాని కూడా. పుస్తకం నీది, అసలు మాట రాయాల్సింది నువ్వు. మేనేజరు వచ్చే వారం శుక్రవారం దాకా చూస్తానన్నాడు, ఆ తర్వాత ఇంకొకరికి ఇస్తాడట. ఇచ్చుకోనీ. నా సంతకం మాత్రం పడదు.

నువ్వు బాధపడతావని తెలుసు. పేరా తీసేస్తే పుస్తకం కూలిపోతుందని కూడా అంటావు. అమ్మతో ఆ మాటే అన్నాను. తనేమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఆయనకి అర్థం కాలేదనే రాయమను. నాకు తోడుగా ఉంటుంది."

ఇట్లు,
నిన్ను తిట్టే హక్కూ, నీ చేత తిట్లు తినే బాకీ ఉన్న
నీ అక్క