నీళ్ల పరీక్ష

సుచిత్ర సెంటర్, హైదరాబాదు, గురువారం

ప్రియమైన అన్నకు,

నా నంబరు బ్లాకులో పెట్టావు కాబట్టి ఈ ఉత్తరం. మన బాలరాజన్న ఆటో శామీర్‌పేట వస్తోంది, ఆయన చేతికే ఇస్తున్నాను. చింపేముందు చదువు.

నీ కోళ్లఫారం వెనక గదిలో కిరాయికుంటున్న నూరుల్‌ను పోలీసులు తీసుకుపోయారు. పట్టించింది నీ కొడుకు ప్రవీణ్. నా మేనల్లుడు ఏదో వీడియో చూశాడట: బెంగాలీ మాట్లాడేవాడు నీళ్లను 'జోల్' అంటే మనవాడు, 'పానీ' అంటే బంగ్లాదేశోడు. దోస్తులతో నూరుల్‌ను చుట్టుముట్టి, బాటిల్ చూపించి "గిదేందిరా, జెప్పు" అన్నాడట. అతను పానీ అన్నాడట. అంతే, తీర్పు అయిపోయింది. అన్నా, హైదరాబాదులో పానీ అననివాడెవడు? మన బాపు జీవితమంతా పానీ, జల్దీ, పరేషాన్ అంటూనే పోయాడు. ఆయన్ని ఏ దేశానికి పంపుదాం?

ఇప్పుడు నూరుల్ భార్య సెనువారాను, చంటిబిడ్డను ఆదివారంకల్లా గది ఖాళీ చేయమన్నావట. సోమవారం కోర్టు. ఇంటి యజమాని వచ్చి "వీళ్లు నా దగ్గరే ఉంటున్నారు, ఇకముందూ ఉంటారు" అంటేనే అతన్ని వదలమని గట్టిగా అడగగలమని మా శరణార్థుల హక్కుల వేదిక లాయరు శ్రీజ చెప్పింది. ఆ మాట లేకపోతే అతన్ని సరిహద్దు దాటించేస్తారు. నువ్వు రావాలి.

కోపంతోనే, నీ చెల్లె
యమున

•

శామీర్‌పేట, శుక్రవారం

చెల్లె యమునకు,

నువ్వు పంపింది ఉత్తరం కాదు, కరపత్రం. బడికి పోయే కాలం నుంచి గంతే నువ్వు, ఉప్పు అడగాలన్నా ఉపన్యాసమే.

నా తిప్పలు ఎవరికి జెప్పుకోవాలె? వచ్చే ఎన్నికలల్ల నిలబడదామనుకుంటే, "బయటి దేశపోళ్లకు గది కిరాయికిచ్చిండు" అని ఫోన్ గ్రూపులల్ల నా ఫోటో తిప్పుతున్నరు. మా పార్టీ జైపాల్ ఇంటికొచ్చి "ఊరు గావాల్నా, వాళ్లు గావాల్నా, తేల్చుకో" అన్నడు. ప్రవీణ్‌గాడు హీరో లెక్క తిరుగుతాండు. వాళ్లను ఖాళీ జేయమన్నప్పటి సంది మీ వదిన నాతోని మాట్లాడ్తలేదు. ఢిల్లీ నుంచి మీ వేదికోళ్లు ఎవలో ఫోన్ జేస్తే నువ్వు ఉరుకుతవు. నేను ఈ ఊర్లె బతకాలె.

ఒక్కటడుగుత, సీదా జెప్పు. గాయన మన దేశపోడేనా? బెంగాల్ దిక్కు మనోడే అయితే సోమవారం వస్త, సాక్ష్యం జెప్త. కాకపోతే నన్ను అడగకు.

అన్న
జనార్ధన్

•

సుచిత్ర సెంటర్, హైదరాబాదు, శనివారం

ప్రియమైన అన్నకు,

అబద్ధం ఎంత తేలికో చూడు. బెంగాల్లో ఏదో ఒక జిల్లా పేరు రాస్తే చాలు, నువ్వు వచ్చేవాడివి. రాయను.

నూరుల్ మన దేశస్థుడు కాదు. బంగ్లాదేశీ కూడా కాదు. బర్మాలో ఊరు తగలబెడితే పారిపోయి వచ్చిన రోహింగ్యా. ఐక్యరాజ్యసమితి ఇచ్చిన శరణార్థి కార్డుంది. అసలు బెంగాలీ అతని భాషే కాదు. తనది కాని భాషలో పరీక్ష పెట్టి ఫెయిల్ చేశారు మీవాళ్లు. బాటిల్ చూసి అతనన్నది పానీ కూడా కాదు, 'ఫానీ'. వాళ్ల భాషలో నీళ్లంటే అదే.

స్టేషన్‌లో ఆ భాష తెలిసినవాడే లేడు. మేం ఫోన్ చేస్తే చెన్నైలో ఉన్న ఒక శరణార్థి యువతి అతను చెప్పిందంతా ఫోన్‌లోనే మాకు హిందీలో చెప్పింది. ఢిల్లీ లాయర్లు పిటిషన్ తయారుచేశారు. జమ్మూలో ఇలాంటి కేసు నడిపినవాళ్లు తమ వాదనలు పంపారు. ఇక్కడ శ్రీజ నిలబడుతోంది. నువ్వు వెక్కిరించిన 'ఢిల్లీ ఫోన్' ఇదే. పట్టుకునేవాళ్లకు దేశమంతా స్టేషన్లున్నాయి గదా, పట్టుబడినవాడికి దేశమంతా మనుషులుంటే తప్పా?

"మనోడేనా" అన్నావు. జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో అతనితో డ్రమ్ములు మోయించుకున్నప్పుడు ఎవరూ అడగలేదు ఆ మాట. నీ ఫారంలో కోళ్ల పెంట ఎత్తించుకున్నప్పుడు నువ్వూ అడగలేదు. అతన్ని వెనక్కి పంపడమంటే ఆ మంటలోకి పంపడమే. ఇప్పుడది నీకు తెలుసు. తెలియదనే వీలు నీకు ఉండొద్దనే రాశాను.

నువ్వు కాదన్నా అడగడం మానని
యమున

•

శామీర్‌పేట, ఆదివారం

చెల్లె యమునకు,

బాలరాజును కూసోబెట్టి రాస్తున్న. నిన్న నీ ఉత్తరం చదివి ఇగ రాననే అనుకున్న. మనోడు కాదని నువ్వే రాసిస్తివి, నాకు సాకు దొరికె.

పొద్దుగాల ఫారంకు పోతే గది తలుపుకు కొత్త తాళం. నాది కాదు. లోపల మనుషులున్నరు. పిల్లను సంకనేసుకొని నూరుల్ భార్య కిటికీ కాడ నిలబడ్డది. బయట కుర్చీలేసుకొని జైపాల్, ఆయన మనుషులు, వాళ్ల నడుమ మన ప్రవీణ్. "ఖాళీ జేయమన్నది నువ్వే గద బాపు. వీళ్లను గూడ పోలీసులకు అప్పజెప్తం" అన్నడు.

అన్నది నేనే. పొమ్మంటే ఎటో పోతరనుకున్న. ఎటని ఆలోచన జేయలే.

తాళంచెవి అడిగిన. ఇయ్యం అన్నరు. గడ్డపార తెచ్చి పగలగొట్టిన, గడియతోని సహా ఊడొచ్చింది. జైపాల్ లేచి "ఎన్నికల సంగతి మర్చిపో ఇగ" అన్నడు. "నా తలుపుకు నీ తాళమేందయ్యా, రేపు నా పడకగదికేస్తవా" అన్న. ప్రవీణ్ పొద్దటి సంది ఇంటికి రాలే. ఆకలైతే వస్తడు. వస్తే ఆమెను మాఫీ అడిగినంకనే కంచం.

తల్లీబిడ్డలను ఇంటికి తోలుకొచ్చిన. మీ వదిన మాట్లాడింది. "గడియ పెట్టించు" అని.

రేపు వస్తున్న. వాళ్లు ఎక్కడి నుంచి వచ్చిండ్రో మీ లాయరమ్మనే జెప్పమను, అది నాకు రాదు. ఎక్కడుంటరని అడిగితే మాత్రం నడుమ ఎవలూ మాట అందియ్యొద్దు, నువ్వు అసలే అందియ్యకు. జనార్ధన్ ఇంట్లుంటరు. ఊరు వద్దన్నా ఉంటరు. జడ్జి ముంగట గట్టిగనే జెప్త.

మీ అన్న
జనార్ధన్