మూడు ఆకుల మొక్కు

కుస్కో, పెరూ దేశం
బుధవారం

అక్కకు చెల్లెలు మంజుల మొక్కి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం బాగున్నాము. అక్కడ నువ్వు, బావ, పాప ఎట్లున్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? బాగలూరులో అమ్మా నాన్న బాగున్నారా, రోజా తోటకు ఈసారి తెగులు తగల్లేదు కదా? నా గురించి దిగులు పడొద్దు. బాగానే తింటున్నాను, బాగానే నిద్రపోతున్నాను.

వారానికి రెండుసార్లు ఫోనులో చూసుకుంటూనే ఉన్నాం, మళ్లీ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోనులో నీ పక్కన బావ ఉంటారు, పాప ఉంటుంది, నా పక్కన ఆయన ఉంటారు. నలుగురి ముందు నాకు మాట రాదని నీకు తెలుసు. ఆయనతో పనిచేసే సెల్వం అన్న సెలవు మీద ధర్మపురికి పోతున్నాడు. దారిలో మత్తిగిరిలో దిగి మీ ఇంట్లో ఇచ్చి పోతానన్నాడు. బావకు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు, కాబట్టి ఇది నువ్వొక్కదానివే చదువుతావు. నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే. ఏడో తరగతితో ఆపినదాని రాత ఇంతకంటే బాగుండదు. తప్పులుంటే సర్దుకో.

పోయిన వారం బావ అడిగిన మాట నా చెవుల్లోనే ఉంది. "మంజమ్మా, పాప స్కూలు ఫారంలో అమ్మా నాయనా పేర్లు రాయల్ల. అది మీ అక్కనే అమ్మా అంటాది కదా. మా పేర్లే రాసేద్దామా? ఊరికే రాసేది కాదు, దత్తత కూడా సరిగా రాయించుకొంటాము. నాలుగు దినాలు ఆలోచించుకోని చెప్పండి" అన్నారు. నువ్వు వెనకాల కూర్చుని పాపకు జడ వేస్తున్నావు. తల ఎత్తలేదు. ఆ మాటకు జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది. కానీ ముందు ఆదివారం జరిగింది చెప్పాలి. అది చెప్పకపోతే నా జవాబు నీకు అర్థం కాదు.

ఇక్కడ వానలు నిలిచి చలి మొదలైంది. హోసూరు చలి అని మనం శాలువా కప్పుకునేవాళ్లం కదా, ఇక్కడివాళ్లకు అది ఎండాకాలం. ఊరు ఎంత ఎత్తులో ఉందంటే, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. నీళ్లు తొందరగా మరుగుతాయి గానీ అన్నం ఉడకదు, కుక్కరే గతి. నెల తక్కువ పుట్టిన పాపకు ఈ గాలి పడదు, తీసుకుపోవద్దని డాక్టరమ్మ చెప్పింది నిజమే, పెద్దదాన్ని నాకే పడలేదు. నువ్వు పంపిన రాగిపిండి అయిపోయింది. సంగటి తిని ఆరు నెలలయింది. ఇక్కడ ఎక్కడ చూసినా ఆలుగడ్డలే, నల్లవి, ఎర్రవి, వంకర టింకరవి.

నేను ఇల్లు, అంగడి తప్ప ఎక్కడికీ పోవడం లేదని ఆయన ఆదివారానికి ఒక టూరులో పేర్లు రాయించారు. పాతకాలపు ఇన్కా రాజులు కట్టిన గుళ్లు, కోటలు ఒక్క రోజులో చూపించి తీసుకొస్తారు. పొద్దున ఏడింటికి చిన్న వ్యాను వచ్చింది. పద్నాలుగు మందిమి. అన్నీ చూపించి చెప్పే ఆమె పేరు రోసా. నలభై దాటి ఉంటుంది, రెండు జడలు, నెత్తిన టోపీ. ఆమె చెప్పింది ఆయన నాకు మన మాటలో చెబుతూ వచ్చారు.

వ్యాను కదలగానే రోసా ఒక్కొక్కరినీ పేరేమిటి, ఏ దేశం, పిల్లలెంతమంది అని అడుగుతూ వచ్చింది. ముందు సీటులో ఒక ముసలాయన మనవళ్లను తన వేళ్ల మీద లెక్కపెట్టి, చాలక భార్య చేయి పట్టుకుని ఆమె వేళ్లు కూడా లెక్కపెట్టాడు. అందరూ నవ్వారు. నా వంతు వచ్చింది. నాకు భాష రాదని చూసి, రోసా రెండు చేతులూ కలిపి బిడ్డను ఊపినట్టు ఊపి నా ముఖంలోకి చూసింది.

అక్కా, నేను లేదని తల ఊపాను.

అర్థం కాక ఊపలేదు. ఉందంటే ఎక్కడుందని అడుగుతుంది. పద్నాలుగు నెలల బిడ్డను వదిలి ఏడాదిన్నర అయిందని పద్నాలుగు మంది ముందు ఏ మాటలతో చెప్పేది? రోసా నా భుజం తట్టి పోయింది. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

మొదట ఒక కొండకు తీసుకుపోయారు. కొండంతా మెట్లు మెట్లుగా కోసి, ఒక్కో మెట్టుకూ రాతి గోడ కట్టి పైరు పెట్టేవాళ్లట. నాన్న చూసి ఉంటే అక్కడే నిలబడి మట్టి చేతిలోకి తీసుకునేవాడు. పైన గుళ్లున్నాయి. కప్పు లేదు, దీపం లేదు, లోపల దేవుడు లేడు. గోడలు మాత్రం నిన్న కట్టినట్టున్నాయి. సున్నం లేకుండా రాయిని రాయికి అతికించారు, మధ్యలో సూది కూడా దూరదు. ఒక గుడిలో నేలలో నుంచి లేచిన రాయి ఒకటుంది. సూర్యుడు దూరంగా పోకుండా కట్టేసే రాయి అట. పోతాడని ఎంత భయపడి ఉంటారో పాపం.

అందరూ ఫోటోలు తీసుకుంటుంటే రోసా నా చేయి పట్టుకుని ఒక గోడ వెనక్కి తీసుకుపోయింది. ఆయనా వచ్చారు. రోసా నడుముకున్న చిన్న సంచిలో నుంచి ఆకులు తీసి, చిరగనివి మూడు ఏరి, విసనకర్రలాగా పట్టుకుని నా చేతికిచ్చింది. ఇక్కడివాళ్లు చలికి కాచుకుని తాగే ఆకు అది. దానితోనే మొక్కుకుంటారట.

"దాని మీద మెల్లగా ఊది, కావల్సింది అడిగి రాయి కింద పెట్టల్లంట. భూమితల్లి ఇస్తాదంట" అన్నారు ఆయన, నా ముఖం చూడకుండా.

"ఏమి అడగమంటాది?"

"బిడ్డను."

రోసా నా కోసం కళ్లు మూసుకుని, టోపీ తీసి నిలబడింది. ముక్కూ ముఖం తెలియని మనిషి. నాకు మన హోసూరు కొండ మీది గుడి గుర్తొచ్చింది. బిడ్డ కావాలని మొక్కి నువ్వు చెట్టుకు తొట్టిల కట్టేటప్పుడు నేను పక్కన హారతి పళ్లెం పట్టుకునేదాన్ని. పదకొండేళ్లు, ఎన్ని తొట్టిలలు కట్టావో. పెళ్లిళ్లలో "ఏమమ్మా సరోజా, ఇంకా ఏమీ లేదా?" అని ఎవరైనా అడిగితే నువ్వు నవ్వి, నా జడ పట్టుకుని లాగి, "ఇదొకటి ఉండాది కదా, చాలదా?" అనేదానివి. నవ్వుతున్నావు కాబట్టి నొప్పి లేదనుకున్నాను. ఆ గోడ వెనక నిలబడితే తెలిసింది.

ఏమి అడగాలి? చివరికి ఊది, నాకున్న బిడ్డను నాకివ్వమని అడిగాను. అడిగేశాక నీ ముఖం కనబడింది. నీ చేతుల్లో నుంచి తీసి ఇవ్వమని అడిగినట్టయింది. ఆకులు వెనక్కి తీసుకుందామని వంగాను. గాలికి ఎగరకుండా రోసా అప్పటికే వాటి మీద ఒక రాయి పెట్టేసింది.

మధ్యాహ్నం భోజనంలో ఎలుక లాంటి జంతువును తలతో సహా కాల్చి తెచ్చారు. పండగలకు చేసే వంట అట. నేను కళ్లు మూసుకుని ఉడికించిన మొక్కజొన్న తిన్నాను. ఆయన తిన్నారు. "కోడి మాదిరే ఉండాది" అన్నారు. ఈ సంగతి మాత్రం అత్తమ్మకు చెప్పొద్దు.

తర్వాత రెండో ఊరు. దాని పేరుకు నాకు నోరు తిరగదు. వ్యాను దిగగానే ఎదురుగా ఎర్ర ఆటో నిలబడి ఉంది అక్కా, మన హోసూరులో చేసినదే. ఇక్కడి మెకానిక్కులకు ఆయన నేర్పించేది వీటి పనే కదా. అద్దానికి కుచ్చులు, సీటుకు పూల గుడ్డ. నేను పోయి దాని హ్యాండిలు ముట్టుకున్నాను. మన ఊరి నుంచి వచ్చి, నాకంటే ధైర్యంగా తిరుగుతోంది.

అక్కడ కొండ నిట్టనిలువుగా ఉంది. పైన ఆరు పెద్ద రాళ్లు వరసగా నిలబెట్టిన గోడ, కట్టడం సగంలో ఆగిపోయిన సూర్యుడి గుడి. ఆ రాళ్లను ఏటి అవతలి కొండలో కొట్టి, ఏరు దాటించి, మనుషులే లాక్కొచ్చారట. కొన్ని రాలేక దారిలోనే పడి ఉన్నాయి. వాటిని అలసిపోయిన రాళ్లంటారు. అక్కడికి చేరలేదని వాటిని ఎవరూ తప్పు పట్టరట, కదిలించరట.

"ఆ కాలంలో మన ఆటో ఉండింటే ఒగ ట్రిప్పులో తెచ్చి పడేసుండు" అన్నారు ఆయన. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు. కానీ అది ఎక్కువసేపు నిలవలేదు. మెట్ల మీద కూర్చున్నాక అడిగారు.

"పొద్దున వ్యానులో ఏల అట్ల చెప్పినావు?"

"ఉండాదంటే యాడుండాదని అడగరా?"

"అడిగితే వాళ్ల పెద్దమ్మ తావ ఉండాదని చెప్తాము."

"పెద్దమ్మ తావనా, అమ్మ తావనా?"

ఆయన బూటు తాడు విప్పి మళ్లీ కట్టుకున్నారు. తర్వాత, "మీ బావ చెప్పినట్ల రాసేస్తే నీకీ దిగులు తీరుతాదేమో అనుకొన్నాను. నువ్వేమీ నోరు తెరిచి చెప్పవు. సరే అనుకొన్నావేమోనని ఊరకున్నాను" అన్నారు.

ఆయన మీద కోపం రాలేదు. నిజమే, నేను చెప్పలేదు.

సాయంత్రం తిరిగొచ్చి వ్యాను దిగాక రోసా వీడ్కోలు చెప్పడానికి వచ్చింది. వచ్చే ఏడు బిడ్డను ఎత్తుకుని రావాలి అని సైగ చేసింది. నేను ఫోను తీసి పాప ఫోటో చూపించాను. నువ్వు పాపను ఎత్తుకుని, చెంపకు చెంప ఆనించి దిగినది. రోసా మురిసిపోయి ఏదో అంది. నేను ఆయన వైపు తిరిగాను.

"ఏమంటాది?"

"తల్లి పోలికే అంటాది. మీ అక్కను చూపించి."

ఇంకొక ఫోటో చూపించాను. అందులోనూ నువ్వే. ఇంకొకటి. అక్కా, నా ఫోనులో ఏడాదిన్నరగా ఉన్న ప్రతి ఫోటోలోనూ పాప నీ చేతుల్లోనే ఉంది. నేను నా గుండె మీద చేయి పెట్టుకున్నాను. అప్పుడు ఆయన వాళ్ల భాషలో, ఈమె బిడ్డే అని చెప్పారు. రోసా ఫోటోనూ నన్నూ మార్చి మార్చి చూసింది. పొద్దున ఎందుకు అబద్ధం చెప్పావని అడగలేదు. నా రెండు చేతులూ పట్టుకుంది. పేరేమిటని అడిగి, హాసిని, హాసిని అని పలికి నేర్చుకుంది.

ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఫారంలో తల్లి పేరు అన్నచోట నా పేరు రాయి. బావ చేత రాయించొద్దు, నీ చేత్తోనే రాయి.

ఇంకొక నిజం కూడా చెబుతాను. ఆయనకు కామెర్లొచ్చి మంచం పట్టినప్పుడు, మూడు నెలలు వండిపెట్టి వచ్చేస్తానని చెప్పి వచ్చాను. ఆయన కోలుకుని చాలా కాలమైంది. ఇంకో మూడు నెలలు, ఇంకో మూడు నెలలు అన్నది ఆయన కాదు, నేనే. పోయిన దసరాకు పాప ఫోనులో నన్ను చూసి, "ఈ యమ్మ ఎవురు?" అని నిన్ను అడిగింది గుర్తుందా? నువ్వు గబుక్కున ఫోను తిప్పేశావు. నేను వినేశాను. అప్పటి నుంచి రావడానికి భయపడ్డాను.

స్కూలు తెరవకముందే వస్తున్నాను, ఒక్కదాన్నే. మూడు విమానాలు మారాలి. "పోయి రా. నేను మాడ్చుకోని తింటాను" అన్నారు ఆయన. పాపను మీ ఇంట్లో నుంచి ఎత్తుకుపోవడానికి రావడం లేదు అక్కా. మీ వెనక గదిలో ఉంటాను. జడ నువ్వే వెయ్యి, నేను పక్కన కూర్చుంటాను. నిన్ను అమ్మా అని పిలవడం మాన్పించొద్దు. భయపెట్టీ వద్దు, బుజ్జగించీ వద్దు. నీ కడుపు కాలుతుందని తెలిసే రాస్తున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టు, వచ్చాక ఎదురుగా నిలబడి పడతాను. కానీ ఆ ఒక్కచోట నా పేరు ఉండనీ.

బావకు కోపం రాకుండా నువ్వే మెల్లగా చెప్పు. ఫారానికి పాప ఫోటో తీయిస్తావు కదా, అది ఒకటి ఎక్కువ తీయించి నా కోసం పెట్టు. సెల్వం అన్న దగ్గర చెవులు మూసే ఉన్ని టోపీ పంపుతున్నాను. అంగడామె తల ఎంతుంటుందని అడిగితే చేతులతో చూపించాను. నా చేతులకు తెలిసింది పద్నాలుగు నెలల నాటి తలే. చిన్నదైపోయి ఉంటుంది. పట్టకపోతే విసిరేయక దాచిపెట్టు.

అమ్మా నాన్నకు, అత్తమ్మకు నా నమస్కారాలు చెప్పు. మీ ఎదురింటి ముసలమ్మకు కూడా. నువ్వు చల్లగా ఉండాలి, నీ దీవెన నాకుండాలి.

చిన్నమ్మ వస్తోందని పాపకు చెప్పు. చిన్నమ్మ అనే చెప్పు. ఏమని పిలిచినా పలుకుతాను.

నీ చెల్లెలు
మంజుల