నీ పాట దొంగ కాపీ అట

సుగుణా,

నువ్వు పోయి నిన్నటికి రెండేళ్లు. మీ నాన్నగారు రాసి బాణీ కట్టిన కీర్తనను ఇక్కడ గల్ఫ్‌లో, మహూజ్ పేటలోని మన తెలుగు క్రైస్తవ సహవాసంలో నువ్వు పాడినప్పటి రికార్డింగు నా ఫోన్‌లో ఉంది. మనవాళ్లు వింటారని ఇంటర్నెట్‌లో పెట్టాను. గంటలోపే ఆ సైటువాళ్ల యంత్రం పట్టుకుని శబ్దం తీసేసింది. ఆ కీర్తన ఏదో మ్యూజిక్ కంపెనీదట, మనది దొంగ కాపీ అట. వాళ్ల గాయకుడొకడు నిరుడు దాన్ని తన పేరు మీద విడుదల చేసుకున్నాడు.

నయీమ్ పేటలో ఫోన్ల కొట్టు భాయ్ దగ్గర నేను మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకొస్తే నువ్వేమన్నావు? "దొంగ పాటలతో దేవుణ్ణి స్తుతిస్తారా? పొండి, తిరిగిచ్చి రండి." ఇచ్చి వచ్చాను. భాయ్ పడీపడీ నవ్వాడు. అలాంటి నిన్ను ఒక యంత్రం దొంగను చేసింది. ఆ ఫోను ముట్టుకోవాలంటేనే అసహ్యంగా ఉంది.

సహవాసంలో గిటారు వాయించే డేవిడ్ సలహా ఇచ్చాడు.

"స్పీడు కొంచెం పెంచి పెట్టేయండి బ్రదర్. మిషను కనిపెట్టలేదు. అందరూ చేసేదే."

"మీ అక్క గొంతు కీచుకీచుమని వినపడినా పర్లేదా?"

"పర్లేదండి, వినపడుద్ది కదా!"

నాకు మనసొప్పలేదు. అభ్యంతరం తెలిపే ఫారం తీసి నింపాను. అన్నిటికీ జవాబు రాశాను కానీ, చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. పాడినవారి అనుమతితోనే రికార్డు చేశారా అని అడిగారు.

ఆ రోజు నువ్వు కళ్లు మూసుకుని పాడుతున్నావు. నీకు చెప్పకుండానే రికార్డు చేసుకున్నాను. అవునని రాస్తే అబద్ధమవుతుంది, అది నీకు నచ్చదు. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను.