మనం వెయ్యని ఎరుపు

సన్యాసి బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన బోర్డులు రాసే కొట్టు నేనొక్కణ్ణే నడుపుతున్నాను. ఈ సంగతి నీకు చెబితే తప్ప నాకు తృప్తి లేదు.

రేవులోని ఇనుప ఖనిజం గుట్టల ఎర్ర దుమ్ము మన వన్ టౌన్ ఇళ్ల మీద పడుతోందని మన వీధివాళ్లు కరపత్రాలు పంచారు. జనం వాటిలో బజ్జీలు చుట్టుకున్నారు. చివరికి నన్ను బొమ్మేదైనా గియ్యమన్నారు. వీధి చివర నల్లటి పాతగోడ మీద, తాడుకి ఆరేసిన పంచె బొమ్మ తెల్ల పెయింటుతో వేశాను. రెండు వారాలు తిరక్కుండా పంచె ఎర్రబడింది. జనం ఆగి చూడ్డం మొదలెట్టారు.

రేవు ఆఫీసరు ఒకాయన జీపు దిగి కేకలేశాడు. "ఎర్రరంగు పూసి జనాన్ని రెచ్చగొడతావా?"

"నాను తెల్లరంగే ఏసినాను బాబూ. ఆ ఎరుపు మీదే," అన్నాను.

ఆయనకి ఒళ్లు మండి, బొమ్మ కనపడకుండా గోడంతా సున్నం వేయించాడు. నెల తిరిగేసరికి గోడంతా ఎర్రబడింది! పక్క వీధులవాళ్లు పిల్లల్ని ఎత్తుకొచ్చి మరీ చూపించారు. సోడాబండి అప్పన్న తన బండి అక్కడికే మార్చేశాడు.

"ఏటి బావా, ఆపీసరు నీకన్నా పెద్ద ఆర్టిస్టునాగున్నాడు!" అన్నాడు నాతో.

కరపత్రం చదవనివాళ్లంతా వెళ్లి రేవు ఆఫీసు ముందు కూర్చున్నారు. ఇప్పుడు గుట్టల మీద రోజూ నీళ్లు కొడుతున్నారు.

నువ్వుంటే ఆ గోడ మూల మన కొట్టు పేరు రాసేవాడివి. నిన్న నేను బ్రష్షు లేకుండానే వెళ్లి, ఆ దుమ్ములో వేలితో నీ పేరు రాసొచ్చాను. అక్షరాలు తెల్లగా పడ్డాయి.

నీ
అప్పారావు